రాణి పిన్ను

మా ఇంట్లో నగ అని చెప్పుకోదగ్గది ఒక్కటే ఉంది. అదీ బంగారం కాదు. పావురం గుడ్డంత, కోలగా ఉండే నల్ల పిన్ను. నల్ల రాతి మీద తెల్లగా ఒక ఆడమనిషి ముఖం పక్కకి తిరిగి ఉంటుంది. నెత్తిన చిన్న కిరీటం, కిరీటం కింద నుంచి వీపు మీదికి దిగిన ముసుగు. రాయి అన్నానే గాని అరచేతిలో పెట్టుకుంటే బరువు తెలియదు, రాయికుండే చల్లదనమూ ఉండదు. ఎండిన కొబ్బరిచిప్ప ముక్కను పట్టుకున్నట్టు ఉంటుంది. మేము దాన్ని రాణి పిన్ను అంటాము.

మా అత్తకు అత్త అయిన మనిషి టెక్కలిలో మిషను బంగళాలో ఆయాగా ఉండేదట. అక్కడి దొరసాని ముసలిదై తన దేశం వెళ్ళిపోతూ, తన మెడ దగ్గర ఎప్పుడూ ఉండే ఈ పిన్నును తీసి ఆమె చేతిలో పెట్టిందట. దొరసానికి తెలుగు కొంచెమే వచ్చు. ఆయమ్మకు ఇంగ్లీషు అసలే రాదు. ఇది మా రాణి, జాగ్రత్తగా ఉంచుకో అన్నంతవరకే ఇంటికి చేరింది. దొరసాని ఇంకేమైనా చెప్పిందేమో, అది బంగళా మెట్ల దగ్గరే ఉండిపోయింది.

మిగతాది మావాళ్ళు చూసి తామే తెలుసుకున్నారు. మాలో పెళ్ళికూతురు తెల్లచీర కట్టి, తల మీద తెల్లటి వల ముసుగు వేసుకుని చర్చికి వస్తుంది. ముసుగు మీద పూల కిరీటం పెడతారు. పిన్ను మీది రాణికి కూడా ముసుగుంది, కిరీటముంది. కాబట్టి ఇది రాణి పెళ్ళినాటి బొమ్మ అనుకున్నారు. అంత మంచి వస్తువును పెళ్ళికి కాక ఇంకెప్పుడు పెట్టుకుంటారు? ఆయమ్మ తన ఇంటికి వచ్చిన కోడలికి, అంటే మా అత్తకు, ముసుగును జుట్టుతో కలిపి పట్టి ఈ పిన్ను గుచ్చింది. మా అత్త నాకు గుచ్చింది. నేను మా కోడలికి గుచ్చాను. చర్చికి బయలుదేరే ముందు, గడప లోపల, అత్త చేత్తో కోడలికి గుచ్చాలి. అది మా ఇంటి పద్ధతి.

నాకు గుచ్చుతూ మా అత్త అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“తల అటూ ఇటూ తిప్పకు. రాణి పడిపోనాదంటే నిన్ను ఇక్కడే వదిలేసి నాను రాణిని ఎతుక్కుంటాను.”

ఆమె అప్పటికే మొగుడు లేని మనిషి. మొగుడు పోయిన మనిషి పెళ్ళికూతురి తల ముట్టుకోవచ్చునా అని చుట్టాల్లో ఎవరో గొణిగితే, మా దేవుడికి అలాంటి పట్టింపులు లేవు అంది. దేవుడికి లేకపోవచ్చు. ఆదివారం చర్చిలో పక్కపక్కన కూర్చునేవాళ్ళకు మాత్రం ఉంటాయని నాకు తరవాత తెలిసింది.

నేను మిషను బడిలో అయిదో తరగతి దాకా చదివి జీడిపిక్కలు కొట్టే పనికి పోయాను. పిక్కల సొన వేళ్ళకి పట్టి నల్లబడితే మళ్ళీ మామూలు రంగుకి రావు. ఏ వస్తువునీ పారేసే అలవాటు నాకు లేదు. కొబ్బరి పీచుతో గిన్నెలు తోముతాను, జీడితొక్కలు పొయ్యిలోకి పనికొస్తాయి. రాణి పిన్నును మా ఆయన పాత బనీను ముక్కలో చుట్టి, అయిపోయిన పౌడరు డబ్బాలో పెట్టి, బియ్యం డ్రమ్ములో అడుగున దాచేదాన్ని. ఎప్పుడో సూది ఊగిపోతుంటే మా అత్త ఎవరి చేతనో వెనకంతా లక్క పోయించింది. ముందు రాణి, వెనక లక్క. అంతే మాకు తెలిసింది.

మా మామను నేను చూడలేదు. కాళ్ళూ ముఖమూ ఉబ్బి పోయాడని అత్త చెప్పేది. మా ఆయన కూడా అలాగే ఉబ్బి పోయాడు. అప్పటికి కిడ్నీ అన్న మాట మా ఊరికి వచ్చింది. మా అబ్బాయి నాటికి ఆ మాట ప్రతి గుమ్మంలోకీ వచ్చింది. పలాసలో రక్తం శుభ్రం చేసే యంత్రం పక్కన మంచం మీద వాడు గడిపిన రోజుల గురించి ఇక్కడ రాయను. వాడికి ఒక్కతే కూతురు. తండ్రిని ఆ మంచం మీద చూసిన పిల్ల ఆ పనే నేర్చుకుని, ఇప్పుడు ఆ పలాసలోనే డయాలసిస్ నర్సుగా చేస్తోంది.

మనవరాలికి జలంత్రకోట సంబంధం కుదిరింది. కొబ్బరితోటలున్న ఇల్లు, మా చర్చి మనుషులే. కుర్రాడు ఇచ్ఛాపురం వైపు బడిలో పంతులు. మాటలు అవుతుండగానే నేను కుర్రాడికి రక్తపరీక్ష చేయించి కాగితం చూపించమన్నాను. మా వైపు ఇప్పుడు అందరూ అడుగుతున్నదే. వాళ్ళమ్మ ముఖం ముడుచుకుంది గాని చేయించింది. పరీక్ష బాగానే వచ్చింది.

ఇక మా ఇంటికి రావలసిన కోడలంటూ ఎవరూ లేరు గనుక రాణి పిన్ను మనవరాలితోనే పంపించాలనుకున్నాను. దానికీ ఇష్టమే. చిన్నప్పటి నుంచి డ్రమ్ములో చెయ్యి పెట్టి డబ్బా తీసి చూసుకునేది. పెళ్ళి దగ్గరపడ్డాక పిన్ను తీసి చూస్తే సూది విరిగి ఉంది. దాన్ని పట్టుకుని ఇద్దరమూ కాశీబుగ్గలో కంసాలి దగ్గరికి వెళ్ళాము.

కంసాలి అడిగిన కూలి విని నేను లేచి నిలబడ్డాను.

“కూకో మామ్మా. ఇది పాత సామాను. ఏ రాయో నాకే తెలీట్లేదు, మంట పెడితే పగిలిపోద్దేమో. లక్కంతా సన్నంగా గీకి తియ్యాల. పనుంది మరి.”

“సూది ఒక్కటీ పెట్టడానికి గీకుడెందుకు?”

“సూది దేనికంటించమంటావు, లక్కకా?”

మనవరాలు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. అతను గోరువెచ్చని కడ్డీతో లక్కను పెంకులు పెంకులుగా లేపాడు. కింద ఇత్తడి రంగు రేకు కనిపించింది. రేకు మీద సన్నటి రాత ఉంది. ఇంగ్లీషు. పిల్ల ఓణీ కొసతో తుడిచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చదివింది. ఫోను తీసింది. చాలాసేపు ఫోను చూసింది, పిన్ను చూసింది, మళ్ళీ ఫోను చూసింది.

“ఏటి రాసున్నాదే?”

“ఏటీ లేదు మామ్మా.”

“ఏటీ లేకపోతే ముఖమెందుకలగ పెట్టినావు?”

పిల్ల కంసాలి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పింది. “జ్ఞాపకార్థం అని రాసుంది. కింద రాణి పుట్టిన ఏడు, పోయిన ఏడు ఉన్నాయి. ఇది పెళ్ళిది కాదు మామ్మా. ఆ రాణి చచ్చిపోయినప్పుడు, దుఃఖంలో ఉన్నోళ్ళు పెట్టుకోడానికని చేసింది. ఆ దేశంలో అప్పుడు ఆడాళ్ళందరూ ఇలాంటి నల్లవి కొనుక్కున్నారంట.”

“మరి ముసుగేటి?”

ఫోను నా ముందు పెట్టింది. అందులో పెద్ద బొమ్మ. అదే కిరీటం, అదే ముసుగు, ముఖం మాత్రం నిండుగా కనిపిస్తోంది. “పెళ్ళి ముసుగు కాదు. మొగుడు పోయాక ఇలగ ఏసుకుందంట. ఇంక బతికినంతకాలం తియ్యలేదంట.”

నేను కళ్ళజోడు పెట్టుకుని పిన్నును వెలుతురుకి పట్టాను. గడ్డం కింద జారిన కండ ఉంది. కంటి కింద సంచి ఉంది. బుగ్గ కిందికి వేలాడుతోంది. ఎన్ని పెళ్ళిళ్ళకి దాన్ని చేత్తో తుడిచాం, ఎంతమంది చూశాం. ముసుగు చూడగానే పెళ్ళికూతురనుకుని, దాని కింద ముసలి ముఖం ఉందని ఒక్కరమూ చూడలేదు.

“సూది పెట్టమంటారా, మానీమంటారా?” అన్నాడు కంసాలి.

“పెట్టు. కూలి మాట్లాడీసినాం గదా.”

తిరుగు బస్సులో పిల్ల కిటికీ వైపు కూర్చుంది. నందిగాం వైపు చేలు దాటాక ఇటు తిరిగింది. పక్కన నేను పిన్నున్న డబ్బాను ఒళ్ళో పట్టుకున్నాను.

“మామ్మా, దీన్ని నీ అత్త పెట్టుకుంది. నువ్వు పెట్టుకున్నావు. అమ్మ పెట్టుకుంది.”

అక్కడితో ఆపింది. ఇంకేమీ చెప్పనక్కరలేదు.

“నువ్వు నర్సువి,” అన్నాను.

“అవును. నాన్న రిపోర్టులు నాకు కంఠతా వచ్చు. కిడ్నీ ఎందుకు ఆగిపోద్దో, ఆగిపోతే ఒంట్లో ఏటవుద్దో రోజూ చూస్తన్నాను. పిన్ను వల్ల ఎవ్వరూ పోరు. నాకు తెల్సు. అయినా భయమేస్తంది మామ్మా. నాకోసం కాదు, ఆయన కోసం.”

దాన్ని కసురుకోవాలని నోటిదాకా వచ్చింది. నేను కసురుకుంటే అది ఏడవదు, నవ్వుతుంది. ఆ రోజు నవ్వేట్టు కనిపించలేదు. డబ్బా మూత బిగించాను.

పిల్ల ఆ సంగతి కుర్రాడితో ఫోనులో చెప్పుకుంది. కుర్రాడు వాళ్ళమ్మతో అన్నాడు. రెండు రోజులకే జలంత్రకోట నుంచి ఆటో వచ్చి మా గుమ్మం ముందు ఆగింది. వియ్యపురాలు కొబ్బరికాయల బస్తా దింపించి, పెళ్ళిచీరా ముసుగూ ఉన్న అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మా కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చి వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. మా అబ్బాయి పోయినప్పటి నుంచి ఎవరైనా వస్తే అది అక్కడే నిలబడుతుంది.

వియ్యపురాలు చీర చూపించింది, ముసుగు చూపించింది, ఎండల గురించి మాట్లాడింది. గ్లాసు కింద పెట్టి అసలు మాటకొచ్చింది.

“పిన్నీ, ఏటీ అనుకోకండి. నాను ఇలాటివి నమ్మను. నమ్మనుగాని, ఆ పిన్ను మా పిల్ల తలకొద్దు.”

“నమ్మనప్పుడు వద్దనడమెందుకమ్మా?”

“మీరు మావోడి రక్తం అడగలేదేటి? నాను సేయించలేదేటి? మీ భయం మీది. ఇది నా భయం. దాన్ని పెట్టుకున్న ముగ్గురికీ ఒకటే గతి పట్టినాది. సావుకని సేసిన సామాను పెళ్ళికి పెడితే మరేటవుద్ది?”

వంటింటి గుమ్మం దగ్గర కోడలు తల దించుకుంది. నా మనవరాలి మొగుడి బతుకు గురించి మాట అది. దానికి కోపం తెచ్చుకోవడానికి నాకేం హక్కుంది? కాని ఆ మాట అలాగే ఉండనిస్తే, నా అత్త, నేను, నా కోడలు, ముగ్గురమూ తలలో చావు గుచ్చుకుని ఈ ఇంటి గడప తొక్కినట్టు అవుతుంది. మా మగవాళ్ళను మేమే తీసుకుపోయినట్టు అవుతుంది. దాన్ని నేను మింగలేకపోయాను.

“కొళాయి వచ్చే వేళయింది. బిందె ఒకటి పట్టుకుని నాతో రామ్మా,” అన్నాను.

“వియ్యపురాలి సేత నీళ్ళు మోయిత్తారేటి?”

“మీ ఊళ్ళో మొయ్యరేటి? రా.”

దూరం నుంచి గొట్టాల్లో తెచ్చే నీళ్ళు మా వీధి చివర కొళాయిలోకి ఈ మధ్యనే వస్తున్నాయి. అంతకుముందు బావినీళ్ళే తాగాము. కొళాయి దగ్గర వీధి ఆడవాళ్ళందరూ ఉన్నారు. మా చర్చివాళ్ళు కొందరు, తోటల్లో కూలికి పోయేవాళ్ళు, చేపలవేటకు పోయే ఇళ్ళవాళ్ళు. మా వెనకింటి ఆమెది గంగమ్మకు మొక్కే ఇల్లు. ఆమె పెనిమిటి పడవ నడిపేవాడు. ఎప్పుడూ నాతో వేళాకోళం ఆడుతుంది.

“ఓలప్పా, కొత్త కూలిమనిషిని పెట్టినావేటి? పట్టుచీర కట్టినాదే.”

“జలంత్రకోట వియ్యపురాలు. నిన్నో మాట అడగాల. నీ పెళ్ళిలో ముసుగుకేటి గుచ్చినారు?”

“ముసుగేటప్పా? ముసుగులు మీకు గాని మాకెక్కడివి? పసుపు బట్ట కట్టి, బాసికం కట్టి కూకోబెట్టినారు.”

“తల్లో నల్లదేదైనా పెట్టినారా?”

“నల్లదెవులు పెడతారు పెళ్ళికి? నీకు మతి పోనాదేటి?”

“మరి నీ పెనిమిటి ఎలగ పోనాడు?”

ఆమె బిందె పక్కకి జరిపి నా ముఖం చూసింది. నేను వేళాకోళానికి అడగడం లేదని అర్థమయింది.

“ఊళ్ళో అందరి పెనిమిట్లూ పోనట్టే పోనాడు. సముద్రంలో పోతాడేమోనని నాను ఒడ్డున కూకునీదాన్ని. ఆడు మంచం మీద పోనాడు. కాళ్ళు ఇంతింత.” చేతులతో చూపించింది.

ఆమె వెనక ఉన్న మనిషి నన్ను అడగకుండానే చెప్పింది, తన కొడుకు గురించి. ఆ వెనక మనిషి చీర చెంగు సర్దుకుంది, అంతే. వియ్యపురాలు ఆ వరస పొడవునా చూసింది. బొట్టు లేని ముఖాలు, గాజుల్లేని చేతులు బిందెలు మారుస్తున్నాయి. ఆమె ఊళ్ళోనూ ఇలాంటి వరస ఉంటుంది. రోజూ చూసేది ఎవరికీ కనిపించదు.

ఈ కిడ్నీ జబ్బు ఎందువల్ల వస్తుందో ఇంకా ఎవరూ తేల్చలేదు. నీళ్ళన్నారు, ఎండన్నారు, తోటల్లో కొట్టే మందులన్నారు. పరీక్షలకి వచ్చినవాళ్ళు రక్తం తీసుకున్నారు, నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. తెలియని దానితో బతకడం చాలా కష్టం. పిన్నే కారణమైతే డబ్బాలో పెట్టి మూత వేయొచ్చు, ఇంక భయం లేదనుకోవచ్చు. వియ్యపురాలికి కావలసింది ఆ మూతే. నాకు అది అర్థమయింది గనుక ఆమె మీద కోపం పోయింది.

తిరిగి వస్తూ ఆమె బిందె నడుమున పెట్టుకుని మా గుమ్మం దాకా మోసింది. ఒక్క చుక్క ఒలకలేదు. మనసులో మెచ్చుకున్నాను.

“మీరు సెప్పింది నిజమే పిన్నీ,” అంది బిందె దించి. “మీ పిన్ను తప్పేటీ లేదు. అయినా నా మనసొప్పదు. పెట్టకండి.”

“సరేనమ్మా,” అన్నాను.

ఆమె తెచ్చిన కొబ్బరికాయల బస్తా బాగా బరువుగా ఉంది. కాయలు కొంచెం చిన్నవే గాని, లెక్కకి ఎక్కువే ఉన్నాయి.

ఆమె వెళ్ళాక నేను చేటలో జీడిపప్పు ఏరుతూ కూర్చున్నాను. పగిలిన బద్దలు ఒక పక్కకి, పగలని గుళ్ళు ఒక పక్కకి. చేతులు ఆ పని చేస్తుంటే మనసు ఖాళీగా ఉంటుంది. పిల్ల ఆ రోజు పలాసలో డ్యూటీకి పోయింది. కోడలు వచ్చి నా ఎదురుగా కూర్చుని తనూ ఏరడం మొదలుపెట్టింది.

“అత్తా, దాన్ని ఎవులికైనా ఇచ్చీయ్. ఇంట్లో వద్దు. పిల్ల భయపడతన్నాది.”

“ఎవులికిత్తాం?”

“పోనీ సముద్రంలో పడీయ్.”

నా చేతిలో వస్తువును సముద్రంలో పడేయమన్న మనిషి ఇంతవరకు ఎవరూ లేరు. దాని ముఖం చూశాను. మా అబ్బాయి పోయిన రోజు దీన్ని ఇదే చోట కూర్చోబెట్టారు. పాస్టరుగారు ఇవన్నీ అక్కర్లేదమ్మా అంటూనే ఉన్నారు. అయినా దీని పుట్టింటివాళ్ళూ మా వాళ్ళూ కలిసి గాజులు తీశారు. పుస్తెలు తీశారు, రంగు చీర తీశారు. మా ఆయన పోయినప్పుడు నాకూ అలాగే తీశారు. మా అత్తకూ తీసే ఉంటారు. ఆరోజు నా ఒంటి మీద నుంచి ఏ ఏ వస్తువు ఎవరు తీశారో చెప్పగలను. ఆ తరవాత నాకు ఎవరూ ఏదీ పెట్టలేదు. దుఃఖం అంటే ఒక్కొక్కటే తీసేయడమని అనుకుని ఊరుకున్నాము.

ఆ దేశంలో వేరేగా చేశారు. మొగుడు పోయాక ఆ రాణి ముసుగు వేసుకుంది. ఆ రాణి పోయాక ఆమె దేశం ఆడవాళ్ళు ఈ నల్ల పిన్ను పెట్టుకున్నారు. దొరసాని దాన్ని మెడ దగ్గర పెట్టుకుని సముద్రం దాటి టెక్కలి దాకా వచ్చింది. రాణి కోసమే పెట్టుకుందో, తనకు ఇంకెవరైనా పోయారో మాకు తెలియదు. నాకు పోయినవాళ్ళున్నారు, మరిచిపోలేదు, అని నోటితో చెప్పకుండా నలుగురికీ కనిపించేలా పెట్టుకునే వస్తువు అది. అలాంటి దాన్ని పట్టుకెళ్ళి మేము పెళ్ళికూతుళ్ళ తలలో గుచ్చాము. అది అసలు ఎవరి కోసం చేసిందో వాళ్ళు ఆ పెళ్ళిళ్ళలో వెనక బల్ల మీద కూర్చున్నారు.

“పెళ్ళిరోజు పిల్లని ఎవులు తీసుకెళ్తారు చర్చిలోకి?” అని అడిగాను.

“మా తమ్ముడు.”

“నువ్వెక్కడుంటావు?”

“వెనకాతల ఉంటాను.”

“నీ కూతురి పెళ్ళికి నువ్వు వెనకాతలుంటావా?”

కోడలు బద్దల్లోకి ఒక గుండు పడేసింది. నేను దాన్ని తీసి గుళ్ళలో వేశాను.

“నీ తమ్ముడు ఒక పక్క నడుత్తాడు. నువ్వు ఒక పక్క నడుత్తావు. ఈ పిన్ను నీ బుజం మీద పెట్టుకుని నడుత్తావు.”

అది ఏరడం ఆపేసింది. “నలుగురూ ఏటంటారత్తా?”

“ఏటంటారు, ముండకి నగేటంటారు. ఇది ముండలకని సేసిన నగే అని సెప్పు.”

నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. లేచి లోపలికి పోయింది. నేను పప్పు ఏరడం పూర్తి చేసి, గుళ్ళను డబ్బాలో పోసి లేచాను.

పిల్లకు నేనేమీ ముందుగా చెప్పలేదు. పెళ్ళిరోజు పొద్దున్న తెల్లచీర కట్టి కూర్చుంది. ముసుగు వేశారు, పూలు పెట్టారు. వియ్యపురాలు వచ్చి నిలబడింది. ఆమె చూపు నా చేతి మీదే ఉంది. నేను నా జాకెట్టుకి ఎప్పుడూ గుచ్చి ఉండే పిన్నీసు తీసి ఆమె చేతిలో పెట్టాను.

“అత్త సేత్తో గుచ్చాల. మా ఇంటి పద్ధతి. ఇప్పుడు అత్తవి నువ్వే.”

“ఇంత పెళ్ళికి పిన్నీసేటి పిన్నీ?”

“స్టీలుది. తుప్పు పట్టదు. పోగొట్టకు.”

ఆమె ముసుగునూ జుట్టునూ కలిపి పట్టి గుచ్చింది. బాగానే గుచ్చింది. పిల్ల నా వైపు చూసింది. పిన్ను ఏదని దాని కళ్ళల్లో ఉంది, హమ్మయ్య అన్నదీ ఉంది, రెండూ ఉన్నాయి. అప్పుడు వాళ్ళమ్మ లోపలి గదిలోంచి వచ్చింది. నేను పొద్దున్నే దాని బుజం మీద గుచ్చాను. లేత గోధుమ రంగు నేతచీర మీద రాణి పిన్ను నల్లగా కనిపిస్తోంది.

“అమ్మా, అది...” అంది పిల్ల.

“మీ నాన్న కోసం పెట్టుకున్నాను,” అంది మా కోడలు.

అంత చిన్న మాట. వాడు పోయాక మా ఇంట్లో పెద్ద గొంతుతో ఎవరూ వాడి ఊసెత్తలేదు. పిల్ల లేచి తల్లి దగ్గరికి వెళ్ళి పిన్ను మీద వేలు పెట్టింది. రాణి ముఖం మీద కాదు, పక్కన నల్లరాయి మీద. దానికి తండ్రి గుర్తొచ్చిన సంగతి నాకు తెలుసు. భయం అక్కడే పోయిందని చెప్పలేను. కాని అది ఇంక పిన్నుకు దూరంగా నిలబడలేదు. ముసుగు పాడవుతుంది జరుగు అని నేనే జరిపాను.

చర్చిలో తల్లీ మేనమామా ఇద్దరూ పిల్లను నడిపించుకుని వెళ్ళారు. కొందరు చూశారు. ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు. ముందు బల్ల దగ్గరకొచ్చేసరికి అలవాటుగా మా కోడలి అడుగు వెనక్కి పడబోయింది. వియ్యపురాలు తన పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. అంత ఖాళీ చాలు, కోడలు కూర్చుంది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. పాట పుస్తకం ఒక్కటే ఉంటే చెరో కొసా పట్టుకున్నారు.

పెళ్ళయ్యాక పిన్ను డబ్బాలోకి వస్తుందని నేను బనీను ముక్క ఉతికి ఆరేసి ఉంచాను. రాలేదు. తరవాతి ఆదివారం మా కోడలు దాన్ని పెట్టుకుని చర్చికి వచ్చింది. ఆ పై ఆదివారమూ పెట్టుకుంది. నేను అడగలేదు. అరుగుతుందని మాత్రం అనిపిస్తుంది. అరిగితే అరగనీ.

మొన్న చర్చి నుంచి వస్తూ దారిలోనే కొళాయి దగ్గర ఆగాము. చీర మార్చుకోకుండా కోడలు బిందె పెట్టింది. వెనకింటి ఆమె దగ్గరికొచ్చి పిన్నును చూసింది.

“ఈవిడెవులే, ఇంత ముసలిది?”

“ఏదో దేశం రాణి అప్పా. మొగుడు పోయిన మనిషి. ఆవిడ పోయినందుకు సేసినారు.”

“రాణికీ తప్పలేదేటి.” ఆమె చీర చెంగుతో చెయ్యి తుడుచుకుంది. “ఓపాలి ఇయ్యి, సూత్తాను.”

మా కోడలు నన్ను చూడకుండానే పిన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. చేపల ఉప్పుకి పగిలిన అరచేతిలో ఆమె దాన్ని పైకీ కిందికీ ఊపి చూసింది. తన పాత చీర మీద, బుజం దగ్గర ఆనించుకుంది. అద్దం లేదు గనుక నిండుతున్న బిందెలోకి వంగింది. అందులో నీళ్ళు కదులుతున్నాయి, ఏమీ కనిపించి ఉండదు. అయినా వంగే ఉంది.

“బరువే లేదే ఇది,” అంది.

వరసలో ఎవరూ తొందరపెట్టలేదు. బిందె నిండి నీళ్ళు అంచు మీద నుంచి పోతున్నాయి. నేను రెండు మాట్లు చూసి ఊరుకున్నాను. మూడోసారి నా వల్ల కాలేదు.

“నీళ్ళు పారిపోతన్నాయి, కొళాయి కట్టండే,” అన్నాను.